చేతిలో ఏం పెట్టి పంపాలి?

అండమాన్‌లో ఓ తెలుగింటి పాపకు ఐదో పుట్టినరోజు. నలభై మంది పిల్లలు వస్తున్నారు. రిటర్న్ గిఫ్ట్‌లు మాత్రం సముద్రానికి అవతలి ఒడ్డునే ఆగిపోయాయి.

శనివారం సాయంత్రం పార్టీ. నలభై రిటర్న్ గిఫ్ట్‌లున్న అట్టపెట్టె ఇంకా చెన్నై రేవు దాటలేదన్న కబురు గురువారం మధ్యాహ్నం తెలిసింది. బంగాళాఖాతంలో వాయుగుండం. సరుకుల ఓడ ఎప్పుడు కదులుతుందో ఎవరూ చెప్పలేకపోతున్నారు. ఫోన్ పెట్టేసి నా మిత్రురాలు కుర్చీలో కూలబడింది. "కేకు ఇక్కడే దొరుకుతుంది, బెలూన్లు దొరుకుతాయి, వంటవాడు దొరుకుతాడు. ఇప్పుడు పిల్లల చేతిలో ఏం పెట్టి పంపాలి?" అంది.

విశాఖలో ఎంఏ చదివే రోజుల్లో ఆమె నా సహాధ్యాయి. రాజ్యం, పౌరసమాజం అంటూ నాతో గంటల తరబడి వాదించిన మనిషి. పెళ్లయ్యాక పోర్ట్‌బ్లెయిర్ వచ్చేసింది. ఓ బడిలో సాంఘిక శాస్త్రం చెబుతోంది. వేరే పని మీద డిసెంబర్‌లో అక్కడికి వెళ్లిన నన్ను పాప పుట్టినరోజుకు ఉండిపొమ్మంది. నేను చూడబోయేది ఓ చిన్న వేడుక అనుకున్నాను. అండమాన్‌లో చేతికి ఇచ్చే వస్తువుకు ఇంత చరిత్ర ఉంటుందని ఊహించలేదు.

మూల గదిలో నుంచి అత్తగారు వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. శ్రీకాకుళం తీరం విడిచిపెట్టి యాభై ఏళ్లయినా యాస మాత్రం నిన్ననే ఓడ దిగినట్టుంది. "ఓడలో ఉన్నది ఇంట్లో ఉన్నట్టేటి బాబూ? ఈ దీవిలో ఆ లెక్క ఎవులికి తెలీదు?" అంది నాతో. ఆ మాట నాతో అన్నా, అన్నది కోడలి కోసమేనని ముగ్గురికీ అర్థమైంది.

జంగ్లీఘాట్ తెలుగు

పోర్ట్‌బ్లెయిర్‌ను 2024 సెప్టెంబర్‌లో కేంద్రం శ్రీ విజయపురంగా మార్చింది. బోర్డుల మీద కొత్త పేరు కనిపిస్తుంది. ఆటోవాలా నోట మాత్రం పాత పేరే వినిపిస్తుంది. ఆ నగరంలో చేపల పడవలు ఆగే చోటు జంగ్లీఘాట్. తెల్లవారుజామున అక్కడికి వెళితే భీమిలిలోనో కళింగపట్నంలోనో ఉన్నామనిపిస్తుంది. బుట్టల దగ్గర బేరాలు, పడవల మీద కేకలు, టీకొట్టు దగ్గర తగాదాలు అన్నీ ఉత్తరాంధ్ర తెలుగులోనే.

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్, నికోబార్ జనాభా 3.80 లక్షలు. అందులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు దాదాపు 50 వేల మంది, అంటే 13 శాతానికి పైగా. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాతి స్థానం తెలుగుదే. 1950లలో ప్రధాన భూభాగపు తీరాల నుంచి మత్స్యకార కుటుంబాలను తెచ్చి ఇక్కడ స్థిరపరిచే ప్రయత్నం ప్రభుత్వం చేసింది. ఆ తర్వాత ఒకరి వెనుక ఒకరుగా బంధువులు వచ్చారు. ఎక్కువ మంది శ్రీకాకుళం, విశాఖ తీరాల వారే. నా మిత్రురాలి మామగారూ అలా వచ్చినవారే. ఆయన వల వేసి బతికారు. కొడుకు పడవలకు ఐసు సరఫరా చేస్తాడు. కోడలు పంతులమ్మ. మనవరాలు ఇంగ్లీషు మీడియం. ఇంట్లో నాయనమ్మతో శ్రీకాకుళం తెలుగు, అమ్మతో బడి తెలుగు, వీధిలో హిందీ. ఆ పాప ఈ మూడింటినీ తడబడకుండా మార్చేస్తుంది.

ఇక్కడ ఏ వస్తువు ధరలోనైనా సముద్రం వాటా ఉంటుంది. చెన్నై అయినా విశాఖ అయినా కోల్‌కతా అయినా 1,200 కిలోమీటర్లు కాస్త అటూ ఇటూ. ప్రయాణికుల ఓడకే రెండున్నర, మూడు రోజులు పడుతుంది. ఉల్లిపాయ నుంచి సిమెంటు వరకు, పలక నుంచి పిల్లల బొమ్మ వరకు అన్నీ అలా రావలసిందే. వచ్చినదేదీ తిరిగి వెళ్లదు. దీవుల భూమిలో 80 శాతానికి పైగా అడవి. మనుషులకు మిగిలింది కొంచెం, చెత్తకు మిగిలింది ఇంకా కొంచెం. హైదరాబాద్‌లో ఒక బొమ్మ విరిగితే అది ఎక్కడికో వెళ్లిపోయిందని అనుకోవడం తేలిక. ఇక్కడ ఆ "ఎక్కడికో" కొండ మలుపు తిరిగితే కనిపిస్తుంది.

అట్టపెట్టెలో ఏముంది?

ఆన్‌లైన్‌లో చేసిన ఆర్డర్‌ను మిత్రురాలు ఫోన్‌లో చూపించింది. ఒక్కో సంచిలో కార్టూన్ బొమ్మ ఉన్న నీళ్ల సీసా, పెన్సిల్ బాక్స్, సబ్బు బుడగల డబ్బా, స్టిక్కర్లు, చిన్న మోటారు కారు. పైన మెరుపు కాగితం, దానికి రిబ్బను. ఆడపిల్లలకు గులాబీ రంగు, మగపిల్లలకు నీలం. తలకు 180 రూపాయలు. రవాణా అదనం.

"నవ్వకు," అంది నా మొహం చూసి. "తరగతిలో ప్లాస్టిక్ మీద పాఠం చెప్పేది నేనే. పిల్లలతో నినాదాలు రాయించేదీ నేనే. కానీ పోయిన నెల పాప వెళ్లిన పార్టీలో బ్యాగులిచ్చారు. అంతకు ముందు నెల రంగుల పెట్టెలు. మా అమ్మాయి చేతిలో ఏమీ పెట్టలేకపోయారని ఎవరైనా అనుకుంటే? నువ్వు హైదరాబాద్‌లో ఉంటావు, రేపు నీ పక్కింటివాళ్లు ఎవరో నీకు తెలియదు. ఇక్కడ ప్రతి మనిషినీ రోజుకు రెండుసార్లు చూడాలి."

ఆ వాదనలో బలం ఉంది. చిన్న ఊళ్లో పరువు దాచుకోవడానికి చోటుండదు.

చట్టం కూడా ఈ సంచి దగ్గరకు వచ్చి ఆగిపోతుంది. 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించిన ఒకసారి వాడే ప్లాస్టిక్ వస్తువుల జాబితా చదివితే ఎవరో పుట్టినరోజు పార్టీలో కూర్చుని రాసినట్టుంటుంది. బెలూన్లకు పెట్టే ప్లాస్టిక్ పుల్లలు, జెండాలు, చాక్లెట్ పుల్లలు, ఐస్‌క్రీమ్ పుల్లలు, అలంకరణ థర్మోకోల్, ప్లేట్లు, కప్పులు, గ్లాసులు, చెంచాలు, ఫోర్కులు, స్ట్రాలు, స్వీటు డబ్బాల మీదా ఆహ్వాన పత్రికల మీదా చుట్టే పల్చటి రేకు, 100 మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లు. అన్నీ ఉన్నాయి. అతిథి చేతికిచ్చే బొమ్మ మాత్రం అందులో లేదు. అది వస్తువు కింద లెక్క. నాలుగు రోజుల్లో విరిగినా సరే.

బొమ్మల మీద నియంత్రణ మరో దారిలో వచ్చింది. దిగుమతి సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకు ఐఎస్‌ఐ ముద్ర తప్పనిసరి అయింది. నమోదైన హస్తకళాకారులు తయారుచేసి అమ్మే బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు పొందిన వాటికి మినహాయింపు ఇచ్చారు. బొమ్మ ఎక్కడ పుట్టాలి, ఎంత భద్రంగా ఉండాలి అన్నదాని మీద రాజ్యం శ్రద్ధ పెట్టింది. అది ఎక్కడ చావాలన్నది ఇంటివాళ్లకే వదిలేసింది.

నేరమైన గవ్వ

శుక్రవారం ఉదయం ఆమె భర్తతో కలిసి అబర్డీన్ బజార్‌కు వెళ్లాను. గడియార స్తంభం చుట్టూ కిక్కిరిసిన దుకాణాలు. బట్టలు, సెల్‌ఫోన్లు, మిఠాయిలు, వాటి మధ్య పర్యాటకుల కోసం గవ్వల సామాను. గవ్వల తాళంచెవి గొలుసులు, గవ్వలు అతికించిన అద్దాలు, చిప్పల దీపాలు.

"మా చిన్నప్పుడు పుట్టినరోజంటే ఇదే," అన్నాడతను ఒక గొలుసును వేలితో ఆడిస్తూ. "నాన్న వల దులిపితే శంఖాలు, గవ్వలు పడేవి. అమ్మ కడిగి ఎండబెట్టేది. ఇంటికొచ్చిన పిల్లలకు తలా గుప్పెడు పంచేది. దాంతో పచ్చీసు ఆడేవాళ్లం. పైసా ఖర్చు లేదు."

మరి ఇప్పుడు? ఇప్పుడది అంత సులువు కాదు. అండమాన్ చిప్పల మీద వ్యాపార కళ్లు ఎప్పుడో పడ్డాయి. బొత్తాల పరిశ్రమ కోసం ట్రోకస్, టర్బో జాతుల గుల్లలను రెండో ప్రపంచ యుద్ధానికి ముందే జపాన్ పడవలు ఇక్కడి నుంచి తవ్వుకుపోయాయి. స్వాతంత్ర్యం తర్వాత లైసెన్సుల పద్ధతి వచ్చింది. 2001లో కేంద్రం వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్లలో 24 రకాల గవ్వలు, శంఖాలు, గుల్లలను చేర్చింది. వాటిలో తొమ్మిదింటికి పులితో సమానమైన రక్షణ దక్కింది. అదే ఏడాది రీఫ్‌లు కట్టే పగడాలన్నీ అదే వరుసలో చేరాయి. 2022లో చట్టాన్ని సవరించి షెడ్యూళ్లను కుదించినా సముద్ర జీవులకు రక్షణ కొనసాగింది. వండూరు దగ్గరి మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కులో అయితే చచ్చిన గవ్వను ఏరడం కూడా తప్పే.

అందులో న్యాయం లేకపోలేదు. చచ్చిన గవ్వ కూడా వృథా కాదు. మెత్తటి వెనుక భాగాన్ని దాచుకోవడానికి ఖాళీ గవ్వల్లో కాపురం పెట్టే పీతలున్నాయి. గవ్వలు దొరకని చోట అవి సీసా మూతల్లో దూరి తిరుగుతున్న ఫొటోలు ప్రపంచంలోని చాలా తీరాల నుంచి వచ్చాయి. పీత ఇంటిని మనం బహుమతిగా తీసుకుపోతున్నాం, మన బహుమతిలోని మూత పీతకు ఇల్లవుతోంది.

పర్యాటకులకు ఇదంతా విమానాశ్రయంలో తెలుస్తుంది. సామాను తనిఖీలో పగడం ముక్కలు, ఏరుకొచ్చిన శంఖాలు బయటపడితే అక్కడే వదిలేసి రావాలి. కొన్నది లైసెన్సున్న దుకాణంలో అయితే బిల్లు దగ్గర ఉంచుకోవాలి. విచిత్రం ఏమిటంటే 2023 జులైలో ప్రారంభించిన కొత్త టెర్మినల్‌ను కట్టింది గవ్వ ఆకారంలోనే. గవ్వలోకి గవ్వను తీసుకుపోకూడదన్నమాట.

ప్రభుత్వ ఎంపోరియం సాగరికలో పడౌక్ కలపతో చేసిన పెన్‌స్టాండ్లు, చిన్న పడవలు చూశాం. ఎర్రటి కలప, చక్కటి పనితనం. నలభై కొంటే అతని నెల సంపాదనలో పెద్ద ముక్క పోతుంది. ఏటికొప్పాక బొంగరాలైతే బాగుంటాయని నేనన్నాను. అంకుడు కర్ర, లక్క, చెట్ల నుంచి తీసిన రంగులు, 2017లో భౌగోళిక గుర్తింపు. పైగా వాళ్ల పూర్వీకుల తీరానికి దగ్గరి ఊరు. అతను నవ్వాడు. "అవీ ఓడలోనే రావాలి కదన్నా."

చివరికి నలభై చెక్క పెన్సిళ్లు కొన్నాం. కాగితం సంచులు కొన్నాం. ఇంటికి ఎలా వెళ్లాలో తెలియనట్టు కాసేపు గడియార స్తంభం దగ్గరే నిలబడ్డాం.

దీవుల్లో వదిలిన కానుకలు

చేతికిచ్చే వస్తువు గురించి ప్రపంచం ఆలోచించడంలో ఈ దీవులకు ఓ పాత్ర ఉంది. ఎంఏలో మేమిద్దరం చదివిన పాఠమే అది. ఆ రాత్రి ఇద్దరికీ గుర్తొచ్చింది. ఎ.ఆర్. ర్యాడ్‌క్లిఫ్-బ్రౌన్ అనే బ్రిటిష్ మానవ శాస్త్రవేత్త 1906-08 మధ్య అండమాన్ ఆదివాసుల మధ్య తిరిగి, 1922లో వారిపై పుస్తకం ప్రచురించాడు. రెండు గుంపులు కలిసినప్పుడు వస్తువులు ఇచ్చి పుచ్చుకోవడం అందులో వర్ణించాడు. ఆ వస్తువులు ఎవరికివారు తయారు చేసుకోగలిగినవే. అయినా ఇచ్చుకునేవారు. ఎందుకంటే దాని ఉద్దేశం లాభం కాదు, ఇద్దరి మధ్య స్నేహభావం కలగడం. ఇచ్చినదానికి తగినది రాలేదని ఎవరైనా అనుకుంటే మనస్పర్థలు వచ్చేవని, వాటిని తప్పించడానికి ఎంతో నేర్పు కావలసి వచ్చేదని కూడా అతనే రాశాడు. 1925లో ఫ్రెంచి పండితుడు మార్సెల్ మాస్ కానుకల మీద రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ఈ అండమాన్ ఉదాహరణను వాడుకున్నాడు. ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం అనే మూడు బాధ్యతల గురించి అతను చెప్పినదే ఇప్పటికీ సామాజిక శాస్త్రాలకు ఆధారం.

"అంటే రిటర్న్ గిఫ్ట్ గొడవ నాతో మొదలు కాలేదన్నమాట," అంది మిత్రురాలు.

ఆ పుస్తకంలోని మనుషుల వారసులు ఇప్పుడు యాభై, అరవై మందికి మించరు. స్ట్రెయిట్ దీవిలో ఉంటారు. 1858లో బ్రిటిష్ వారు ఖైదీల కాలనీ పెట్టాక వచ్చిన రోగాలు, తుపాకులు, మద్యం ఆ సమాజాన్ని తుడిచిపెట్టాయి.

ఇవ్వడం ఎలా వికటిస్తుందో చెప్పే కథ కూడా ఈ దీవుల్లోనే ఉంది. బయటి మనుషులను దగ్గరకు రానివ్వని నార్త్ సెంటినెల్ దీవి ఒడ్డుకు 1974లో ఓ డాక్యుమెంటరీ బృందం వెళ్లింది. ఇసుకలో కొబ్బరికాయలు, అల్యూమినియం గిన్నెలు, ఒక ప్లాస్టిక్ కారు, ఒక బొమ్మ, తాడుతో కట్టిన పంది పెట్టి వెనక్కి జరిగింది. సమాధానంగా బాణాలొచ్చాయి. ఒకటి దర్శకుడి తొడలో దిగింది. పందిని, బొమ్మను సెంటినెలీలు పాతిపెట్టారు. కొబ్బరికాయలు, గిన్నెలు తీసుకున్నారు. కొబ్బరి ఏమిటో వారికి తెలుసు. బొమ్మ ఎవరిదో, ఎందుకో తెలియదు.

1991 జనవరిలో ప్రభుత్వ బృందం వెళ్లినప్పుడు మాత్రం వాళ్లు నీళ్లలోకి వచ్చి కొబ్బరికాయలు చేతులతో అందుకున్నారు. మధుమాల చటోపాధ్యాయ అనే మానవ శాస్త్రవేత్త ఆ బృందంలో ఉన్నారు. ఆ తర్వాత కొన్నేళ్లకే కానుకల యాత్రలు ఆగిపోయాయి. మన మంచితనమే వారికి రోగం కావచ్చన్న ఎరుక కలిగింది. 1956 నాటి ఆదివాసుల రక్షణ నిబంధనల కింద ఆ దీవి దగ్గరకు వెళ్లడం నేరం. అయినా 2025 మార్చిలో ఓ అమెరికన్ యువకుడు పడవలో వెళ్లి ఒడ్డున ఒక కొబ్బరికాయ, ఒక కూల్‌డ్రింక్ డబ్బా పెట్టి వచ్చి అరెస్టయ్యాడు. అవతలి మనిషి అడగలేదు, ఇచ్చినవాడు అతణ్ని ఎరగడు. అలా వదిలిన వస్తువును కానుక అనలేం. ఒడ్డుకు కొట్టుకొచ్చిన చెత్తకూ దానికీ తేడా తక్కువ.

తాంబూలం నుంచి సంచి దాకా

పక్క గదిలో మేల్కొనే ఉన్న అత్తగారు మా మాటలన్నీ విన్నట్టుంది. బయటికి వచ్చి స్టూలు మీద కూర్చుంది. "మా అమ్మ చెప్పేది. ఇంటికొచ్చినోళ్లని వట్టి చేతుల్తో పంపకూడదు. ఇచ్చిందేటని ఎవులడిగేరు? రెండాకులు, ఓ వక్క, ఓ పండు. అది కాదు, బొట్టెట్టి చేతిలో పెట్టేవా లేదా అని చూసేవోరు," అంది.

తెలుగువాళ్లకు ఇది కొత్త కాదు. పేరంటంలో పసుపు, కుంకుమ, శనగలు. సీమంతంలో రవికె గుడ్డ. పెళ్లిలో తాంబూలం సంచి. అందులోని వస్తువులు నాలుగు రోజుల్లో తినేవి, వాడేవి, లేదా మళ్లీ ఇంకొకరికి చేరేవి. ఒకే రవికె గుడ్డ ఊరంతా తిరిగి పెట్టినవారి ఇంటికే రావడం మీద ప్రతి ఇంట్లోనూ ఒక జోకు ఉంటుంది. పుట్టినరోజుకైతే పిల్లలకు చాక్లెట్లు పంచేవారు. కేబుల్ టీవీ, సూపర్‌మార్కెట్, అమెరికా నుంచి సెలవులకొచ్చిన బంధువులు కలిసి ఆ చాక్లెట్‌ను సంచిగా పెంచారు. అక్కడ పార్టీ ముగిశాక పిల్లల చేతిలో పెట్టే చిన్న వస్తువుల సంచి, ఇక్కడికొచ్చేసరికి రిటర్న్ గిఫ్ట్ అయింది. తెచ్చిన బహుమతికి బదులు అన్న లెక్క ఆ పేరులోనే ఉంది. తాంబూలానికి ఆ లెక్క లేదు. ఏమీ తీసుకురాని మనిషికీ అదే ఇస్తారు.

కొరియాలో పిల్లవాడి మొదటి పుట్టినరోజుకు బియ్యప్పిండి వంటకం చేసి ఇరుగుపొరుగుకు పంచే ఆచారం ఉంది. పుచ్చుకున్నవాళ్లు ఆ పళ్లాన్ని ఖాళీగా పంపకూడదు. దారపు ఉండో, బియ్యమో, డబ్బో వేసి పంపాలి, బిడ్డ ఆయుష్షు కోసం. నేను ఈ మాట చెబుతుంటే పెద్దావిడ ఆశ్చర్యపోలేదు. "పంపరేటి మరి? గిన్ని వట్టిదెలా పంపుతారు?" అంది.

తర్వాత లేచి వంటింట్లోకి వెళ్లింది. "రేపు నూరు కొబ్బరికాయలు తెప్పించు నాన్నా," అంది కొడుకుతో. "యాభై సాలమ్మా," అన్నాడు కొడుకు.

కొబ్బరి ఉండల పార్టీ

శనివారం పొద్దున్న ఆరింటి నుంచి ఇల్లంతా కొబ్బరి వాసన. పీచు తీయడం అతని పని, తురమడం నాది, పాకం పెద్దావిడది. కోడలు కాగితం సంచుల మీద పిల్లల పేర్లు రాసింది. ఒక్కో సంచిలో నాలుగు కొబ్బరి ఉండలు, ఒక పెన్సిల్. తల్లులకు ఆకు, వక్క, చిన్న కొబ్బరికాయ. వక్కలు, కొబ్బరికాయలు అన్నీ ఈ దీవుల్లో పండినవే. రాసేటప్పుడు ఆమె మొహం నేను చూశాను. అందులో సంతోషం లేదు. ఓడిపోయి సర్దుకున్న మనిషి మొహం అది.

డిసెంబర్‌లో ఇక్కడ సాయంత్రం ఐదింటికే పొద్దుగూకుతుంది. దేశం గడియారం అహ్మదాబాద్‌కూ అండమాన్‌కూ ఒకటే, సూర్యుడు మాత్రం ఇక్కడ ముందే దిగిపోతాడు. అందుకే పార్టీ నాలుగింటికే మొదలైంది. తెలుగు పిల్లలు, బెంగాలీ పిల్లలు, తమిళ పిల్లలు, మలబారు నుంచి ఎప్పుడో వచ్చిన కుటుంబాల పిల్లలు, ఛోటానాగ్‌పూర్ నుంచి అడవి పనులకు తెచ్చిన కూలీల మనవలు. ఇక్కడ వాళ్లను రాంచీవాళ్లంటారు. అందరి భాష హిందీ. కుర్చీలాట, కేకు, పాట. ఏడున్నరకు ఒక్కొక్కరే బయల్దేరారు.

ఎనిమిదేళ్ల కుర్రాడొకడు సంచి తెరిచి చూశాడు. ఉండలు చూశాడు, పెన్సిల్ చూశాడు. సంచి తలకిందులుగా దులిపాడు. "ఆంటీ, రిటర్న్ గిఫ్ట్ ఏదీ?" అన్నాడు హిందీలో, ఏ కల్మషం లేకుండా.

గది ఒక్క క్షణం ఆగిపోయింది. వాడి తల్లి వాడి చెయ్యి గుంజింది. నా మిత్రురాలు నవ్వడానికి ప్రయత్నించింది. నాకేం మాట్లాడాలో తోచలేదు. కానుకల మీద నేను చదివిన వ్యాసాలేవీ ఆ క్షణానికి అక్కరకు రాలేదు. వాడు అడిగిన దానిలో తప్పు లేదు. పార్టీకి వెళ్తే ఒక మెరిసే సంచి వస్తుందని మనమే వాడికి నేర్పాం.

పెద్దావిడ వాడి ముందు గొంతుక్కూర్చుని ఒక ఉండ తీసి నోట్లో పెట్టింది. "తిన్నాక అడుగు," అంది తెలుగులో. వాడికి అర్థమైందో లేదో. నమిలాడు. రెండోది తనే తీసుకున్నాడు. మూడోదీ. గిఫ్ట్ సంగతి మళ్లీ అడగలేదు. అడగలేదు కాబట్టి వాడికి నచ్చిందని రాయడం సులువు. నిజానికి గుమ్మం దాటుతూ వాడు మరోసారి సంచిలోకి తొంగి చూశాడు.

అందరూ వెళ్లాక మిత్రురాలు ప్లేట్లు సర్దుతూ, "సోమవారం స్టాఫ్‌రూమ్‌లో ఏమంటారో చూడాలి," అంది. అత్తగారు ఆ మాటకు జవాబు చెప్పలేదు. మిగిలిన ఉండలను ఆరు స్టీలు గిన్నెల్లో పెట్టి, చుట్టుపక్కల ఆరిళ్లకు పాప చేతికిచ్చి పంపింది. పాప ఒక్కో గిన్నె రెండు చేతులతో పట్టుకుని, పుట్టినరోజు గౌను చీకట్లో మెరుస్తుండగా, ఆరుసార్లు వెళ్లి ఆరుసార్లు వచ్చింది.

సోమవారం ఉదయం

అట్టపెట్టె సోమవారం వచ్చింది, నేను విమానాశ్రయానికి బయల్దేరడానికి రెండు గంటల ముందు. ఐసు బండి మీదే తెచ్చారు. ఒక మూల తడిసింది. తెరిస్తే నలభై సంచులు, గులాబీ, నీలం. ఒకదానిలో కారు చక్రం అప్పటికే ఊడి ఉంది. "వచ్చే ఏడాదికి ఉంచెయ్," అన్నాడు భర్త. "వచ్చే ఏడాదికి పిల్లల కార్టూన్ మారిపోతుంది," అంది ఆమె. చివరికి పెన్సిల్ బాక్సులు, సీసాలు బడి పోటీల్లో బహుమతులకని పక్కన పెట్టింది. బుడగల డబ్బాలు, కార్లు మళ్లీ పెట్టెలోకి వెళ్లాయి. పెట్టె అటక మీదికి వెళ్లింది. దీవిలోకి వచ్చిన చాలా వస్తువుల్లాగే అదిక అక్కడే ఉంటుంది.

వంటింటి గట్టు మీద గిన్నెలు వరసగా ఉన్నాయి. ఆదివారం ఐదు తిరిగొచ్చాయి. బెంగాలీ ఇంటి నుంచి పాయసం, తమిళుల ఇంటి నుంచి మురుకులు, మలబారు ఇంటి నుంచి అరటికాయ చిప్స్, ఇంకో తెలుగింటి నుంచి నెత్తళ్ల వేపుడు, వీధి చివరి ఇంటి నుంచి గుప్పెడు చక్కెర. పెద్దావిడ వాటిని లెక్కపెట్టి, "ఒకటి తగ్గింది," అంది.

నేను చెప్పులు వేసుకుంటుండగా గేటు చప్పుడైంది. శనివారం సంచి దులిపిన కుర్రాడు. చేతిలో ఆరో గిన్నె. మూత తీస్తే నాలుగు జామకాయలు, పెరట్లోవి, అప్పుడే కోసినట్టు ఆకులతో సహా.

"అమ్మ ఇమ్మంది," అన్నాడు. తర్వాత నాయనమ్మ వైపు చూసి, వచ్చీరాని తెలుగులో అడిగాడు: "ఉండలు ఇంకా ఉన్నాయా?"